పెరటి తోట: ముందు లెక్క, తర్వాత విత్తనం



రోహిణి ఎండలు రోళ్లు పగలగొడుతున్నవి. ఇంకొక పక్షం గడిస్తే మృగశిర వస్తుంది. నాలుగు చినుకులు పడగానే మనలో చాలామందికి పెరడు గుర్తుకు వస్తుంది. సంతలో కనబడిన పొట్లాలన్నీ కొని తెచ్చి, ఒక్కరోజునే గింజలన్నీ మట్టిలో వేస్తాము. ఆషాఢ శ్రావణాలలో పెరడు చూడముచ్చటగా ఉంటుంది. భాద్రపదం వచ్చేసరికి బెండకాయలు తినలేనన్ని కాస్తవి. ఇరుగుపొరుగులకు పంచుతాము, ముదిరినవి గేదెకు వేస్తాము. దసరా నాటికి మొక్కలు ఉడిగిపోతవి. సంక్రాంతి దాటితే నీళ్లు మోసే ఓపిక ఎవరికీ ఉండదు. తీరా వేసవి వచ్చి కూరగాయల ధర మండే వేళకు ఆ పెరట్లో ఎండుపుల్లలు తప్ప ఏమీ ఉండవు. పిల్లల కంచంలో పచ్చడి మెతుకులే మిగులుతవి.

ఇది చీడ చేసిన నష్టమా? కాదు. వాన చేసిన నష్టమా? అదీ కాదు. లెక్క తప్పినందువల్ల వచ్చిన నష్టం. అందుకే ఈ వేళ మీతో తోట వేయటాన్ని గురించి గాక, తోటకు లెక్క వేయటాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాను. పని లేని ఈ మండుటెండల రోజులే దానికి తగిన రోజులు.

మొదటి లెక్క తినేవాళ్ల లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కలిపి కావలెను. ఇందులో బంగాళాదుంప చేరదు. నలుగురున్న ఇంటికి దరిదాపుగా కిలోన్నర అన్నమాట. "అంత ఎక్కడ తింటామండీ!" అంటారు. నిజమే, మనం తినటం లేదు. పళ్లెం నిండా అన్నం, అంచున కూర. అదే మన అలవాటు. పిల్లల కంటిచూపుకు కావలసిన 'ఎ' విటమినుగా మారే సత్తువ, నెత్తురుకు కావలసిన ఇనుము ఆకుకూరల్లో ఉన్నవి. ఇవి కోసిన పూటనే వండితే మంచిది. సంతలో కొన్నవి నిన్నటివో, మొన్నటివో. కాబట్టి చిన్న పెరడు కలవారు ఒక నియమం పెట్టుకోండి: కిలోన్నరా పెరట్లోనే పండకపోయినా సరే, ఆకుకూర మాత్రం ఏ రోజూ కొనకూడదు. మిగిలిన కూరలు దాని తర్వాత.

రెండవ లెక్క నీళ్ల లెక్క. దీన్ని మనం మరచిపోతాము. ఎందుకంటే తోట వేసేది వానల్లో, వేసేది సాధారణంగా మగవాళ్లు. వేసవిలో నీళ్లు మోసేది ఇంటి ఆడవాళ్లు. 4 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు గల ఒక మడికి మంచి ఎండకాలంలో రోజుకు సుమారు 15 లీటర్లు, అంటే ఒక బిందె నీళ్లు కావలెను. మడికి ఒక బిందె అని గుర్తుంచుకోండి. పది మడులుంటే రోజుకు పది బిందెలు. బావి దూరమైతే, కుళాయి రోజు మార్చి రోజు వచ్చేదైతే, ఆ పది బిందెలు ఎవరి నడుము మీద పడతవి? అందుచేత వేసవిలో ఎన్ని మడులుంచాలో ఇంటి యజమాని ఒక్కడే తేల్చరాదు. నీళ్లు మోసే మనిషిని అడగండి. ఆమె నాలుగు బిందెలంటే ఆ వేసవికి నాలుగే మడులు. మిగిలిన ఆరింటిని తవ్వి ఎండకు విడిచిపెట్టండి. నేలలోని పురుగు కోశాలు బయటపడి చస్తవి, మడికీ విశ్రాంతి. నాలుగు మడులు పచ్చగా ఉన్న పెరడు, పది మడులు ఎండిపోయిన పెరటి కంటె ఎంతో మేలు.

ఉన్న నీళ్లను పొదుపు చేసే దారులూ ఉన్నవి. మొక్కల మొదళ్లలో ఎండుటాకులు గాని, వేరుశనగ పొట్టు గాని 2 అంగుళాల మందాన పరిస్తే తడి త్వరగా ఆరదు. గిన్నెలు తోమిన నీళ్లు అరటి పాదుకు మళ్లించండి. సబ్బు నీళ్లు ఆకుకూరల మీద పోయవద్దు. వేసవి మడులు నేలకంటె కొంచెం పల్లంగా, వానకాలపు మడులు 4 అంగుళాలు ఎత్తుగా ఉండవలెను. ఈ చిన్న తేడా తెలియక వానల్లో తోటకూర కుళ్లబెట్టుకొనేవారు ఎందరో ఉన్నారు.

ఇక స్థలం. రెండు సెంట్లు అనుకొందాము. తూర్పు పడమరలుగా 33 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 26 అడుగులు. ఉత్తరపు అంచున 6 అడుగుల పట్టీ విడిచి, అందులో ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక బొప్పాయి, నీళ్లు పారే మూల అరటి వేయండి. ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు మనకు దక్షిణంగా నడుస్తాడు గనుక వీటి నీడ మడుల మీద పడదు. ఎరువు గుంట కూడా ఈ పట్టీలోనే, చెట్ల నీడన. పడమటి వైపు 6 అడుగుల వెడల్పున తీగలకు పందిరి వేస్తే అది సాయంకాలపు ఎండను కొంత ఆపుతుంది. మిగిలిన చోటు 27 అడుగులు, 20 అడుగులు. నడుమ 2 అడుగుల దారి తీసి, దారికి ఇరువైపులా అయిదేసి మడులు చేయండి. మడి 4 అడుగుల వెడల్పు మించకూడదు. రెండు పక్కల నుంచీ చెయ్యి నడిమికి అందవలెను. లోపల కాలు పెట్టి తొక్కిన మడి గట్టిపడిపోతుంది. మడికీ మడికీ మధ్య అడుగుంబావు సందు చాలును. మడికి ఒక తట్టెడు, అంటే సుమారు 10 కిలోల చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు వస్తవి.

పది మడులూ ఒకే రోజున విత్తవద్దు. ఇదే ఈనాటి నా మాటలకు గుండెకాయ. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఒక మడి బెండ వేయండి. మూడు వారాల తర్వాత రెండవ మడి బెండ వేయండి. మొదటిది ఉడిగే వేళకు రెండవది నిండుగా కాస్తుంది. వంగ ఒక మడి, మిరప ఒకటి, టొమాటో ఒకటి, గోరుచిక్కుడు ఒకటి. ఆకుకూరలకు మూడు మడులు. మిగిలిన ఒక్కటి నారు పోయటానికి. ఆకుకూర మడులను సగం సగం చేసి, పది పన్నెండు రోజులకొక సగం విత్తుతూ పోండి. తోటకూర, మెంతి 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తవి. పాలకూర నెల దాటాక కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. గోంగూర కూడా అంతే, వేళ్లతో పీకవద్దు, కొమ్మ కోయండి. పందిరి కింద బీర, కాకర, సొర ఒక్కొక్క పాదు చాలును. ఒక గుంజ చిక్కుడుకు విడిచిపెట్టండి.

స్వాతి, విశాఖ కార్తెల్లో, అనగా అక్టోబరు చివర, నవంబరులో, బెండ, గోరుచిక్కుడు ఉడిగిన మడుల్లోకి చలికాలపు పంట వస్తుంది. టొమాటో, ముల్లంగి, క్యారెట్టు, క్యాబేజీ, ఉల్లి, కొత్తిమీర వేసుకోవచ్చును. వంగ, మిరప ఇంకా కాస్తూనే ఉంటవి. జనవరి చివర, ఫిబ్రవరిలో మళ్లీ బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర. అదీ బిందెల లెక్కకు లోబడి.

ఒక జాగ్రత్త. టొమాటో, వంగ, మిరప మూడూ ఒకే కుటుంబానివి. ఒకటి తీసిన మడిలో మరొకటి వేయవద్దు. ఎండు తెగులు, వేళ్ల మీద బుడిపెలు కట్టించే నులిపురుగులు నేలలోనే ఉండి తర్వాతి పంటను పట్టుకొంటవి. ఆ మడిలో ఆకుకూరలో, చిక్కుడు జాతివో వేసి, ఏడాది తిరిగాక మళ్లీ రండి. మడుల చివర నాలుగు బంతి మొక్కలుంటే నులిపురుగుల ఉధృతి కొంత తగ్గుతుంది, దేవుడికి పూలూ దొరుకుతవి. ఏ మడిలో ఏమి వేశారో గోడమీద క్యాలెండరులో రాసి ఉంచండి. జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకొంటే రెండో ఏడు తప్పక పొరబడతారు.

ఇక విత్తనం మాట. కొట్లో పొట్లం చేతిలోకి తీసుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవలెను. ఇది ఈ కాలానికి తగినదా? మా ఊరి తెగులును తట్టుకొంటుందా? దీని గింజ నేను మళ్లీ దాచుకోగలనా?

మొదటిది కాలం. ముల్లంగిలో జపానీస్ వైట్ చలికాలపు రకం. దాన్ని వేడిలో వేస్తే ఆకే గాని గడ్డ సరిగా ఊరదు. పూసా చేత్కి ఎండకూ వానకూ ఓర్చుకొంటుంది. అలాగే పందిరి చిక్కుడు. "చైత్రంలో పెట్టానండీ, పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వు లేదు" అని ఏటా ఎవరో ఒకరు అంటారు. తప్పు ఎరువుది కాదు. మన పాత పందిరి చిక్కుళ్లు పగటి పొద్దు కురచ కాగానే పూతకు వస్తవి. ఎంత ముందు పెట్టినా పూత చలికాలం ముంగిట్లోనే. ఆషాఢ శ్రావణాల్లో పెడితే చాలును. అంతవరకు ఆ నీళ్లు వేరే పాదుకు పోయండి. పొద్దుతో పని లేకుండా కాచే పొద చిక్కుళ్లు కావాలంటే బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క జయ్, అర్క విజయ్ రకాలు ఉన్నవి. గోరుచిక్కుడులో పూసా నవబహార్ వేసవికీ వానకాలానికీ పనికివస్తుంది. వంగలో మన ప్రాంతపు భాగ్యమతి, శ్యామల రకాలు ఇంటి తోటకు తగినవి. మునగలో పెరియకుళం వారి పి.కె.యం.-1 గింజతోనే పెట్టవచ్చును, ఏడాదిలోపే కాయ చూస్తారు.

రెండవది తెగులు. బెండకు పెద్ద శత్రువు పల్లాకు తెగులు. ఈనెలు పసుపుబారి, కాయ కూడా పాలిపోతుంది. దీన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. ఒకప్పుడు పూసా సావని దీన్ని తట్టుకొంటుందని పేరు పొందినది. కాలక్రమాన ఆ గుణం పోయింది. తర్వాత పర్భణి క్రాంతి, అర్క అనామిక వచ్చినవి. కొన్నిచోట్ల ఇప్పుడు వాటికీ తెగులు సోకుతున్నది. దీన్నిబట్టి మనం నేర్చుకోవలసినది, రకం పేరు నిరుటి పెళ్లిపత్రిక వంటిదని. "ఈ మధ్య రెండేళ్లుగా మా ఊళ్లో ఏది నిలబడుతున్నది?" అని పొరుగు రైతును, ఉద్యానశాఖ వారిని అడిగి కొనండి. తెగులు సోకిన మొక్క కనబడగానే పీకి పాతిపెట్టండి. జాలిపడి ఉంచితే వారంలో మడి మొత్తం పసుపుబారుతుంది. దోమకూ చిన్న పురుగులకూ వేపగింజల కషాయం మంచిది. 50 గ్రాముల వేపపప్పు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంకాలం చల్లండి.

మూడవది గింజ దాచుకోవటం. పొట్లం మీద సంకర రకమని, ఎఫ్-1 అని ఉంటే దాని కాయ నుంచి తీసిన గింజ తల్లిలాగ రాదు. ఒక మొక్క పొట్టి, ఒక మొక్క పొడుగు, ఒకదాని కాయ గుండ్రం, ఒకదానిది కోల. ఏటా కొనవలసిందే. సంకర రకాలు చెడ్డవని నేననను. ఆకుముడత, ఎండు తెగులు, మాడు తెగులు మూడూ ఉన్న చోట టొమాటోలో అర్క రక్షక్ వంటి సంకరం వేయటమే తెలివి. కాని పది మడుల పెరటికి ప్రతి పంటా సంకరమే కానక్కర లేదు. పూసా రూబీ, పి.కె.యం.-1 టొమాటో వంటి సూటి రకాలు ఒకసారి కొంటే చాలు, తర్వాత గింజ మీదే.

కొనేటప్పుడు పొట్లం తిప్పి చూడండి. 1966 విత్తన చట్టం ప్రకారం ప్రకటించిన రకాలకు పొట్లం మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉండి తీరవలెను. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. అమ్మేవాడు తన బాధ్యత మీద రాసి ఇచ్చేదానికి లేత ఆకుపచ్చ చీటీ ఉంటుంది. గడువు దాటిన పొట్లం ఊరికే ఇచ్చినా వద్దు. రంగు పూసిన గింజకు మందు పట్టించి ఉంటుంది. దాన్ని పిల్లలకు, కోళ్లకు అందనివ్వవద్దు, విత్తాక చేతులు కడుక్కోండి. అన్నిటికంటె ముఖ్యం, రసీదు అడగండి. మొలవకపోతే అడిగే హక్కు ఆ కాగితంలో ఉన్నది.

మరి ఎంత కొనాలి? టొమాటో గింజలు గ్రాముకు 300 దాకా ఉంటవి. మీ మడికి కావలసినవి 12 మొక్కలు. 10 గ్రాముల పొట్లం కొంటే 3,000 గింజలు! బెండ మడికి మూడు వరుసల్లో 27 మొక్కలు. గుంటకు రెండేసి వేసినా 54 గింజలు, నాలుగు గ్రాములకు మించదు. కాబట్టి వీధిలో నాలుగైదు ఇళ్లవారు కలిసి కొనండి. ఒకరు బెండ, ఒకరు వంగ, ఒకరు బీర కొని పంచుకొంటే ఖర్చు తగ్గుతుంది, గింజ నిలవపడి చెడిపోదు.

విత్తే ముందు ఒక్క పరీక్ష చేయండి. 20 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, ఆరకుండా వారం రోజులు ఉంచండి. ధ్రువీకరించిన బెండ విత్తనానికి ఉండవలసిన కనీస మొలక 65 శాతం, టొమాటో వంగలకు 70, మిరపకు 60. అంటే 20 గింజల్లో బెండకు 13, టొమాటోకు 14, మిరపకు 12 మొలవాలి. మిరప, వంగ గింజలకు ఇంకొక వారం గడువు ఇవ్వండి. తగ్గితే ఒత్తుగా విత్తండి. సగం కూడా మొలవకపోతే రసీదు తీసుకొని కొట్టుకు వెళ్లండి. ఒక గుడ్డముక్కతో అయ్యే పని. దీన్ని చేయక నెల రోజుల అదను పోగొట్టుకొంటున్నాము.

గింజ దాచదలచినవారు మొదటి నుంచీ మంచి మొక్కను చూసి, రెండో కాపు, మూడో కాపు కాయకు ఎర్రదారం కట్టండి. దారం కట్టిన కాయ కూరకు కోయరాదని ఇంట్లో అందరికీ చెప్పండి. మనం చివరకు మిగిలిన గిడసబారిన కాయను గింజకు విడుస్తాము. మంచివి తిని చెడ్డవాటికి వారసత్వం ఇచ్చినట్లు. బెండ, గోరుచిక్కుడు, చిక్కుడు చెట్టుమీదనే ఎండనివ్వండి. వంకాయ పసుపుపచ్చగా పండవలెను. టొమాటో గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టండి. బాగా ఆరిన గింజను జల్లించిన బూడిదతో గాజుసీసాలో పోసి, బిగించి, పేరు, నెల రాసి చల్లని చోట ఉంచండి. పొయ్యి మీది అటక వద్దు. ఉల్లి గింజ మాత్రం ఏడాదికే చచ్చుబడుతుంది, దాన్ని ఏటా కొత్తది తెచ్చుకోండి.

తీగజాతిలో పుప్పొడిని తేనెటీగలు, పురుగులు మోస్తవి. రెండు రకాల సొరలు పక్కపక్కన ఉంటే ఈ ఏటి కాయ మారదు గాని, దాని గింజ కలగాపులగం అవుతుంది. సొర బీరతో కలవదు, ఆ భయం అక్కరలేదు. గింజకోసమైతే మీ వీధి మొత్తం ఒకే సొర రకం పెట్టుకోవటం సులువు. ఇంకొక మాట మనసులో పెట్టుకోండి. సొరకాయ, బీరకాయ, దోసకాయ కొరికి చూస్తే చేదుగా ఉంటే వండవద్దు, రసం తీసి అసలే తాగవద్దు. ఆ చేదు వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తేవచ్చును. ఆ పాదు గింజ దాచవద్దు, పాదునే తీసివేయండి.

విస్తరణ పనిలో ఉన్న మిత్రులకు ఒక విన్నపం. పొట్లాలు పంచి సంతకం తీసుకొని వచ్చేస్తే మన పని పూర్తయినట్లు కాదు. పంచేటప్పుడు ఆ ఇంటి అమ్మతో మాట్లాడండి. ఇంట్లో ఎందరు తింటారు, నీళ్లు ఎక్కడినుంచి వస్తవి, నిరుడు ఏ మడిలో ఏమి వేశారు అనే మూడు ప్రశ్నలు అడగండి. అన్ని గింజలూ ఒక్కసారి ఇవ్వకండి. జూన్‌లో కొన్ని, అక్టోబరులో కొన్ని, జనవరిలో కొన్ని ఇవ్వండి. మళ్లీ ఏప్రిల్‌లో ఆ పెరడు చూడటానికి వెళ్లండి. శ్రావణంలో ఏ పెరడైనా పచ్చగానే ఉంటుంది. ఏప్రిల్‌లో పచ్చగా ఉన్నదే నిలిచిన తోట.

సోదరులారా, సోదరీమణులారా! ఈ రాత్రి భోజనాలు అయ్యాక ఒక కాగితం తీసుకొని ఇంటిల్లిపాదీ కూర్చోండి. తినేవాళ్లు ఎందరో రాయండి. మే నెలలో మోయగల బిందెలు ఎన్నో రాయండి. పది గళ్లు గీసి, ఏ గడిలో ఎప్పుడు ఏమిటో రాయండి. పిల్లల చేతనే గీయించండి, వాళ్లకూ ఒక మడి ఇవ్వండి. ఆ కాగితం జేబులో పెట్టుకొని విత్తనాల కొట్టుకు వెళ్లండి. అందులో లేని పొట్లం ఎంత అందంగా కనబడినా కొనకండి. అప్పుడు వచ్చే ఏడు ఈ రోహిణి ఎండలకు మీ పెరట్లో నాలుగు మడులైనా పచ్చగా ఉంటవి, మీ పిల్లల కంచంలో ఆకుకూర ఉంటుంది.